శ్రీముఖలింగం యాత్ర: రోజు ఎంచుకోవడం దగ్గర్నుంచి తిరుగు బస్సు దాకా

శ్రీముఖలింగం వెళ్లొచ్చినవాళ్ళు తరచూ చెప్పే మాటలు రెండు. ఒకటి: "వెళ్లేసరికి గుడి మూసేశారండీ." రెండు: "అక్కడ మూడు గుళ్ళున్నాయా? మేమొక్కటే చూశాం." రెండింటికీ మూలం ప్రయాణం వేసుకున్న తీరులోనే ఉంది. ఊరు చిన్నది. గుళ్ళు నడిచి తిరిగేంత దూరంలోనే ఉంటాయి. వేళ, వరస కుదిరితే మూడు గంటల్లో తృప్తిగా చూడొచ్చు.

ఊరు శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉంది. చుట్టుపక్కల వాళ్ళు ఉత్త "ముఖలింగం" అనే అంటారు. దారి అడిగేటప్పుడు మీరూ అలాగే అడగండి.

1. ఏ రోజు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లక తప్పదంటే ఉదయం పదిన్నరకల్లా ఊళ్ళో పని ముగించుకోవాలి. ఆ తర్వాత రాతి నేల మీద వట్టికాళ్ళతో నిలబడలేరు.

జూలై నుంచి నవంబరు మొదటి వారాల వరకు ఒక్క ఎండా వానా చూసుకుంటే చాలదు, నది సంగతి కూడా కనుక్కోవాలి. వంశధారకు నీరు ఒడిశా కొండల నుంచి వస్తుంది. ఇక్కడ చినుకు లేకపోయినా పైన వానలు పడితే హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాని ఎలా కుదిపేసిందో ఇక్కడివాళ్ళు మర్చిపోలేదు. వాయుగుండం మాట వినిపిస్తే ప్రయాణం వారం వాయిదా వేసుకోండి.

వారాల విషయానికొస్తే:

- మంగళవారం నుంచి శుక్రవారం వరకు: నింపాదిగా చూడాలనుకునేవాళ్ళకు ఇవే మంచి రోజులు.
- సోమవారం: శివాలయం కాబట్టి జనం ఉంటారు, అయినా ఇబ్బంది ఉండదు. కార్తీక సోమవారాలు మాత్రం వేరు. శిల్పాలు చూడాలనుకునేవాళ్ళు ఆ రోజు వెళ్తే జనం వీపులే కనిపిస్తాయి.
- ఆదివారం: ముఖలింగం వరకు ఫరవాలేదు. అరసవల్లి కూడా కలుపుకుంటే సూర్యనారాయణస్వామి దర్శనం వరసలోనే పూట గడిచిపోతుంది. మాఘమాసం ఆదివారాలైతే మరీను.

రథసప్తమికి, అరసవల్లిలో మూలవిరాట్టు మీద సూర్యకిరణాలు పడే మార్చి, అక్టోబరు రోజుల్లో శ్రీకాకుళంలో గదులు దొరకడం కష్టం. ఆ తేదీలు తప్పించండి, లేదంటే గది ముందే మాట్లాడుకోండి.

2. ఎక్కడ దిగాలి, ఎలా చేరాలి

శ్రీకాకుళం పట్నంలో రైల్వే స్టేషన్ లేదు. స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. దాని పేరు "శ్రీకాకుళం రోడ్", టికెట్ మీద కోడ్ "సీహెచ్ఈ". పట్నం పాత పేరు చికాకోల్ నుంచి వచ్చిన కోడ్ అది. శ్రీకాకుళం అని వెతికితే ఎస్‌తో మొదలయ్యే కోడ్ రాలేదని కంగారుపడకండి. అక్కడి నుంచి పట్నానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. ఆటోలు, బస్సులు ఉంటాయి.

మ్యాప్‌లో ముఖలింగానికి దగ్గరగా తిలారు స్టేషన్ కనిపిస్తుంది. అది ప్యాసింజర్ బళ్ళ స్టేషన్. పైగా అక్కడ దిగాక బండి దొరుకుతుందన్న నమ్మకం లేదు. కొత్తవాళ్ళు శ్రీకాకుళం రోడ్‌లోనే దిగడం మేలు.

సొంత బండి, లేదా కారు మాట్లాడుకున్నవాళ్ళకు దారి ఇది:

- శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం వైపు.
- మడపాం దగ్గర వంశధార వంతెన, అక్కడే టోల్‌గేట్. ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో ముందురోజే చూసుకోండి.
- నరసన్నపేటలో హైవే దిగి, జలుమూరు వైపు దారి అడిగి తీసుకోవాలి.
- అక్కడి నుంచి పొలాల మధ్య రోడ్డు. మొత్తం దూరం సుమారు 45 కిలోమీటర్లు. గంటం పావు పడుతుందనుకుని బయల్దేరండి. కోతల రోజుల్లో ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు, ట్రాక్టర్లు అడ్డం ఉంటాయి. ఇంకో పావుగంట కలుపుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆమదాలవలస నుంచి సరుబుజ్జిలి, హిరమండలం మీదుగా వెళ్లే రోడ్డు నదికి కుడి గట్టు వైపు. గుళ్ళున్నది ఎడమ గట్టున. మ్యాప్‌లో వేలితో కొలిస్తే దగ్గరే అనిపిస్తుంది, మధ్యలో వంశధార ఉందన్న సంగతి గట్టు మీదికి వెళ్లాక గాని తెలియదు. హిరమండలం వైపు పనేమీ లేకపోతే నరసన్నపేట దారే పట్టుకోండి.

బస్సులో వెళ్లేవాళ్ళు శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు ఉదయం ఆరింటికల్లా చేరాలి. ముఖలింగం బస్సు ఎప్పుడో విచారణ కౌంటర్లో అడగండి. నేరుగా వెళ్లే బస్సు ఆలస్యమైతే నరసన్నపేట బస్సెక్కి, అక్కడ మారండి. ఆంధ్రప్రదేశ్ వాసులైన ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుది దగ్గరుంచుకోండి.

ఊళ్ళో దిగకముందే కండక్టర్ని అడగాల్సిన ప్రశ్న ఒకటి: "తిరుగు బస్సు ఎన్నింటికి? దాని తర్వాతది ఎన్నింటికి?" రెండూ రాసుకోండి. మొదటిది తప్పిపోతే రెండోది ఎప్పుడో తెలిసుండడమే ధైర్యం.

ఆటో మాట్లాడుకుంటే "రానూపోనూ ఎంత?" అని ఊరుకోవద్దు. ముఖలింగంలో మూడు గంటలు ఆగాలని, టిఫిన్‌కి నరసన్నపేటలో అరగంట ఆగుతామని ముందే చెప్పి బేరం కుదుర్చుకోండి. గొడవలన్నీ వెయిటింగ్ దగ్గరే వస్తాయి.

3. ముందురోజు సర్దుకోవలసినవి

ఊళ్ళో టీ, పూజాసామాను, చిన్న చిరుతిళ్ళు దొరుకుతాయి. భోజనం దొరుకుతుందన్న లెక్కతో మాత్రం వెళ్లొద్దు. టిఫిన్ నరసన్నపేటలో, మధ్యాహ్న భోజనం నరసన్నపేటలో గాని శ్రీకాకుళంలో గాని.

సంచిలో ఉండాల్సినవి:

- మనిషికి లీటరున్నర నీళ్ళు
- చిన్న టార్చి (గర్భగుడి బయట మండపం మూలలు చీకటిగా ఉంటాయి)
- తలకి తువ్వాలు లేదా టోపీ
- స్నానం చేసేవాళ్ళకు మారుబట్టలు, తడిబట్టలకు వేరే సంచి
- చిల్లర నోట్లు, పది, ఇరవై రూపాయలవి (ఫోన్ సిగ్నల్ ఆడితేనే స్కాన్ చెల్లింపులు)
- పెద్దవాళ్ళుంటే చేతికర్ర, వేళకి వేసుకునే మందులు
- గోత్రం, ఇంట్లోవాళ్ళ పేర్లు రాసిన చీటీ

చీటీ ఎందుకంటే, అభిషేకం దగ్గర నిలబడ్డాక అత్తగారి నక్షత్రం ఏమిటని ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు ప్రతి రోజూ ఉంటారు. వెనక వరస ఆగిపోతుంది.

అభిషేకం చేయించేవాళ్ళు నలుగురున్న కుటుంబానికి ఈ కొలతలు తీసుకెళ్తే చాలు: ఆవుపాలు అర లీటరు, పెరుగు పావు లీటరు, తేనె, నెయ్యి యాభై గ్రాముల చొప్పున, పంచదార వంద గ్రాములు, కొబ్బరికాయలు రెండు, అరటిపళ్ళు ఆరు, విభూతి పొట్లం, మారేడు దళాలు. ఎక్కువ పట్టుకెళ్తే పుణ్యం పెరగదు, గుడి నేల జారుతుంది.

పాల దగ్గర జాగ్రత్త. తెల్లవారి ఇంట్లో పోసుకున్న పచ్చిపాలు ఎండాకాలం మూడు గంటలకే వాసనొస్తాయి. నరసన్నపేటలో టిఫిన్ చేసి బయల్దేరే ముందు కొనండి. మూతి వెడల్పున్న స్టీలు క్యాన్‌లో పోసుకోండి. ప్యాకెట్‌ని లోపలికి పట్టుకెళ్ళి పంటితో కొరికితే అర్చకులకి చికాకు, మీకు నామోషీ. తేనె సీసా మూత ఇంట్లోనే ఒకసారి తిప్పి చూడండి. బిగుసుకుపోయిన మూతతో గర్భగుడి ముందు కుస్తీ పట్టలేం.

4. ఊళ్ళో ఏ వరసలో చూడాలి

తలుపులు మూసే గుడి ముందు, బయటి గోడల శిల్పాలు తర్వాత. ఈ రోజంతా ఇదే సూత్రం మీద నడుస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు దర్శనం ఉండదనుకునే లెక్క వేసుకోండి. ఆ రోజు కాస్త ముందే తెరిస్తే మంచిదే.

మొదట ముఖలింగేశ్వరాలయం.

మధుకేశ్వరుడన్నా ఈ స్వామే. మధుకం అంటే ఇప్పచెట్టు. ఆ చెట్టు మొదట్లోంచి స్వామి వెలిశాడని ఇక్కడి నమ్మకం. లింగం మనం రోజూ చూసే నున్నటి రాతి లింగంలా ఉండదు. లోపల దీపం వెలుతురుకు కళ్ళు అలవాటు పడేదాకా ఒక్క నిమిషం ఆగి చూడండి.

దర్శనం అయ్యాక అర్చకుల్ని అడిగి లింగం వెనక ఉన్న పెద్ద మట్టి గోలెం చూడండి. కుమ్మరి గోలెం అంటారు. అది గుమ్మంలోంచి ఎలా పట్టిందా అన్న అనుమానం మీకూ వస్తుంది. గోలెం మొక్కు కథ అడిగితే వాళ్ళే చెబుతారు. వరస పొడుగ్గా ఉన్నప్పుడు మాత్రం అడక్కండి.

ఆ తర్వాత గర్భగుడి వదిలి ప్రాంగణంలోకి రండి. చాలామంది ఇక్కడే చెప్పులేసుకుని వెళ్లిపోతారు. చూడాల్సింది ఇక్కడే ఎక్కువ:

- ద్వారబంధాలు. లోపలికి వెళ్తూ గబగబా దాటేసినవి ఇప్పుడు దగ్గరికి వెళ్ళి చూడండి. రాతి మీద తీగ మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది. ఆ మెలికల్లో బెత్తెడు కూడా లేని మనుషులు, జంతువులు ఇరుక్కుని ఉంటారు. కింద గడప దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మెలికే పైకి చూసుకుంటూ వెళ్ళండి. ఒక్క పక్కకే పది నిమిషాలు పడుతుంది. తోలుబొమ్మలాట చూసినట్టే ఉంటుంది.
- ప్రధానాలయం చుట్టూ ఉన్న చిన్న గుళ్ళు, దిక్కులకొకటిగా ఉన్న లింగాలు. ప్రదక్షిణం చేస్తూ ఒక్కోటీ లెక్కపెట్టుకోండి. పిల్లలకి ఈ పని అప్పగిస్తే అల్లరి తగ్గుతుంది.
- వారాహీదేవి. అమ్మవారిని చూడకుండా వచ్చామని ఇంటికెళ్ళాక బాధపడేవాళ్ళున్నారు.
- రాళ్ళ మీది శాసనాలు. చదవలేకపోయినా టార్చి పక్క నుంచి వాలుగా వేసి చూడండి, అక్షరాలు పైకి లేస్తాయి. ఎదురుగా వెలుతురు కొడితే ఏమీ కనపడదు. పసుపు, సున్నం, నీళ్ళు పూసి అక్షరాలు తేల్చాలని చూడకండి. రాయి పాడవుతుంది, పైగా నేరం.

రెండోది భీమేశ్వరాలయం.

దగ్గర్లోనే ఉంటుంది. శిల్పాలు పెద్దగా ఉండవు, నిరాడంబరమైన గుడి. పదిహేను నిమిషాలు చాలు. ప్రశాంతంగా కూర్చోవాలంటే మూడింటిలో ఇదే మంచి చోటు.

చివరికి సోమేశ్వరాలయం.

ఇది ఊరి మొదట్లోనే కనిపిస్తుంది. "వచ్చేటప్పుడు చూద్దాంలే" అనుకుని, తిరుగు బస్సు తొందరలో వదిలేసేది కూడా దీన్నే. నా మాట వినండి: శిల్పం కోసం వచ్చినవాళ్ళు ముప్పావుగంట దీనికే ఉంచుకోండి.

ముందు దూరంగా నిలబడి శిఖరం మొత్తం చూడండి. నిలువుగా లేచి పైన లోపలికి వంగే శిఖరం, ఆ పైన గుండ్రని ఉసిరికాయ ఆకారపు రాయి. ఇది కళింగ పద్ధతి. మనకి అలవాటైన గాలిగోపురం ఇక్కడ వెతక్కండి. ఆ తర్వాత గోడ దగ్గరికి వచ్చి ప్రదక్షిణంగా ఒక్కో గూడూ చూడండి. ఈ పద్ధతి శివాలయాల్లో వినాయకుడు, కుమారస్వామి, అమ్మవారు బయటి గోడల గూళ్ళలో ఉంటారు. ఎవరు ఎటువైపున్నారో మీరే పోల్చుకోండి.

ఫోటోలకి వెలుతురు వాలుగా పడే ఉదయం వేళే బాగుంటుంది. సూర్యుడు నడినెత్తికొచ్చాక శిల్పాల ముఖాలు చప్పగా పడతాయి, కళ్ళ గుంటల్లో నల్లటి నీడ మిగులుతుంది.

ఈ గుళ్ళు భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. గర్భగుడిలో ఫోటో తీయొద్దు. బయట సెల్‌ఫోన్‌తో తీసుకునే ముందు కూడా ఒకమాట అడగండి. ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి కావాలి. డ్రోన్ ఊసు ఎత్తొద్దు.

5. వంశధార దగ్గర

నది చూడకుండా వస్తే యాత్ర సగమే. దిగేముందు మాత్రం ఇవి చూసుకోండి:

- స్థానికులు ఎక్కడ స్నానం చేస్తున్నారో అక్కడే దిగాలి. ఎవరూ లేకపోతే కాళ్ళు తడుపుకుని, నెత్తిన నీళ్ళు చల్లుకుని రండి.
- పైకి మోకాలి లోతు కనిపించినా ఇసుక కింద గుంతలుంటాయి. ఒక అడుగు నేల, రెండో అడుగు నిలువు లోతు. పిల్లల చెయ్యి వదలొద్దు.
- నీరు ఎర్రగా, బురదగా మారిందంటే పైన వాన పడిందని అర్థం. వెంటనే గట్టెక్కండి.
- కార్తీక దీపాలు అరటిదొప్పల్లోనే వదలండి. థర్మకోల్ దొప్పలు వద్దు.

స్నానం చేయాలంటే దర్శనానికి ముందే కానివ్వాలి. అలాంటివాళ్ళు ముప్పావుగంట ముందే బయల్దేరండి.

6. ఒక్కరోజు పట్టిక

శ్రీకాకుళంలో బస, సొంత బండి ఉన్నవాళ్ళకు:

- 6.00: శ్రీకాకుళం నుంచి బయల్దేరడం
- 6.40: నరసన్నపేట, టిఫిన్, పాలు
- 7.45: ముఖలింగం చేరిక
- 8.00 నుంచి 9.30: ముఖలింగేశ్వరాలయం
- 9.30: భీమేశ్వరాలయం, నదీ తీరం
- 10.15: సోమేశ్వరాలయం
- 11.00: తిరుగు ప్రయాణం
- 12.30: శ్రీకాకుళంలో భోజనం, విశ్రాంతి
- 2.45: శాలిహుండం బౌద్ధ స్తూపాలు
- 4.45: శ్రీకూర్మం
- 6.30: అరసవల్లి

గుళ్ళు మూసుండే మధ్యాహ్నానికి శాలిహుండం సరిగ్గా సరిపోతుంది, ఆరుబయట కొండ కాబట్టి. కొండ ఎక్కాలి, నీళ్ళు తీసుకెళ్ళాలి. పైనుంచి వంశధార కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళుంటే ఇది వదిలేసి, నేరుగా నాలుగున్నరకు శ్రీకూర్మం చేరండి.

శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపం గోడల మీది పాత చిత్రాలు తాకొద్దు. నక్షత్ర తాబేళ్ళకు ప్రసాదం, బిస్కెట్లు పెట్టొద్దు.

బస్సు మీద తిరిగేవాళ్ళు ఈ పట్టిక మొత్తం పట్టుకోలేరు. ఉదయం ముఖలింగం, సాయంత్రం అరసవల్లి, అంతే. మిగిలినవి రెండో రోజుకి.

7. జరిగే పొరపాట్లు, సర్దుకునే మార్గాలు

పదకొండున్నరకు చేరారు. టిఫిన్, చెప్పులు, పూజాసామాను అంటూ ఆగకండి. చేతులూపుకుంటూ అయినా నేరుగా దర్శనానికి వెళ్ళండి. సోమేశ్వరాలయం తర్వాత చూడొచ్చు.

పన్నెండున్నరకు చేరారు. సోమేశ్వరం బయటి గోడలు చూసుకుని, నరసన్నపేట వెళ్ళి భోంచేసి, సాయంత్రం తెరిచేసరికి మళ్ళీ రండి. గుడి ముందే మూడున్నర గంటలు ఎండలో కూర్చోవడం కంటే ఆ నలభై, నలభైఅయిదు కిలోమీటర్ల అదనపు తిరుగుడే నయం.

తిరుగు బస్సు తప్పింది. చీకటి పడేదాకా ఎదురుచూడొద్దు. షేర్ ఆటోలో నరసన్నపేట చేరితే హైవే మీద శ్రీకాకుళం బస్సులు రాత్రి కూడా దొరుకుతాయి.

పెద్దవాళ్ళు గడప దగ్గర జారారు. అభిషేకం నీళ్ళు, నూనె కలిసిన రాయి అద్దంలా ఉంటుంది. ముందొకరు, వెనకొకరు ఉండి, పాదం మొత్తం ఆనించి నడిపించండి. జారే సాక్సులతో లోపలికి పంపొద్దు.

8. శివరాత్రికే వెళ్లాలనుకుంటే

పైన చెప్పిన పట్టిక పక్కన పెట్టండి. శివరాత్రి ఉత్సవాలకు ఈ జిల్లావాళ్ళే కాదు, ఒడిశా నుంచీ జనం వస్తారు. ఉత్సవాల చివర వంశధారలో చక్రతీర్థ స్నానాలకు గట్టంతా నిండిపోతుంది.

ఆ రోజుల్లో చేయాల్సినవి:

- కారు ఊళ్ళోకి వెళ్తుందనుకోవద్దు. ఆపిన చోటు నుంచి నడవడానికి సిద్ధపడండి. ఆపిన చోటు ఫోటో తీసి ఉంచుకోండి, రాత్రి పొలాలన్నీ ఒకేలా ఉంటాయి.
- పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. జనం మధ్య సెల్‌ఫోన్ సిగ్నల్ సరిగా అందదు.
- తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. "గుడి దగ్గర" అంటే చాలదు, మూడు గుళ్ళున్నాయి. ఊరి మొదట్లో సోమేశ్వరాలయం అనుకుంటే అందరికీ గుర్తుంటుంది.
- అభిషేకం ఆశ వదులుకోండి. దూరం నుంచి దర్శనమైతే చాలనుకుని వెళ్ళండి. శిల్పాలు చూడ్డానికి నెల తర్వాత, ఎండలు ముదరకముందే ఒక బుధవారం మళ్ళీ రండి.